నానమ్మ ఉంగరం, 14 క్యారెట్లు

ఈ వారం కబుర్లు జురాంగ్ వెస్ట్ నుంచి. బూన్‌లే ఎమ్మార్టీ స్టేషన్‌కి పది నిమిషాల నడకలో, పన్నెండో అంతస్తులో మా ఇల్లు. ఇక్కడికి దగ్గరలోనే ఉన్న నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేయడానికి వచ్చి, ఉద్యోగం దొరికి, ఈ చుట్టుపక్కలే ఉండిపోయాను. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. నగల గురించి రేడియోలో మాట్లాడబోతున్నానని చెబితే మా ఆవిడ చాలాసేపు నవ్వింది. నిజమే, గాజులకీ మురుగులకీ తేడా నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. కానీ ఒక ఉంగరం గురించి చెప్పాల్సిన అవసరం వచ్చింది. ఎందుకన్నది చివర్లో మీకే తెలుస్తుంది లెండి.

ఈ మార్చి సెలవుల్లో మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. వస్తూ వస్తూ ఆవకాయ, కందిపొడి, మా పాపకి పట్టులంగాతో పాటు, జేబురుమాల్లో మూడు ముళ్ళు వేసి ఒక ఉంగరం తెచ్చింది. అది మా నానమ్మది. నానమ్మ పోయి ఏడాది దాటింది. వంకీ ఉంగరం. చూడని వాళ్ళకి చెబుతాను: మధ్యలో కిందికి వంగి, వేలి మీద వి ఆకారంలో కూర్చుంటుంది. పెద్దవాళ్ళు దండకి పెట్టుకునే వంకీకి చిన్న రూపం అన్నమాట. సన్నటి తీగలు మూడు పెనవేసి, వంపు దగ్గర చిన్న కెంపు పొదిగి, దానికి అటూ ఇటూ ఆవగింజల్లాంటి పూసలు అతికారు. ఒకవైపు ఏడు పూసలు, రెండోవైపు ఆరు. ఎనిమిదోదీ ఏడోదీ రాలిపోయాయా, మొదటినుంచీ అంతేనా అని భూతద్దం పెట్టి చూశాను. రాలిన గుర్తు లేదు. అంతే చేశాడు.

"దీన్ని మార్చేసి పాపకి సన్నటి గొలుసు కొనండి. ఎలాగూ ఇది మంచి బంగారం కాదు," అంది అమ్మ.

మంచి బంగారం కాదన్న మాట మా ఇంట్లో చిన్నప్పటినుంచీ విన్నదే. కథ ఏమిటంటే, 1988లో మా బాబాయికి ఇంజనీరింగు సీటు వచ్చింది. ఫీజుకి డబ్బు చాలక నానమ్మ తన నగలు కొన్ని తాకట్టు పెట్టడానికి తెనాలి తీసుకెళ్ళింది. అమ్మ అప్పటికి కొత్త కోడలు. నేను కడుపులో ఉన్నానట. తోడు వెళ్ళింది. షావుకారు గొలుసు గీటురాయి మీద గీసి తలూపాడు. గాజులకీ తలూపాడు. ఈ ఉంగరం గీసి, రెండోసారి గీసి, "ఏమ్మా, దీంట్లో సగానికి సగం రాగే ఉంది కదా. ఎవరు చేశారిది?" అన్నాడట. కొట్లో పదిమంది ఉన్నారు. నానమ్మకి తల కొట్టేసినట్టయింది.

ఊరికి తిరిగొచ్చాక ఇంటికి కూడా రాకుండా, బస్సు దిగినది దిగినట్టే కంసాలి ఇంటి ముందుకి వెళ్ళి నిలబడింది. అప్పటికి ఆయనకి అరవై పైన ఉంటాయట. కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఏదో టంకం పెడుతున్నాడు. వీధిలో వాళ్ళంతా వినేట్టు నానమ్మ నానా మాటలూ అంది. ఆయన పని ఆపి, అన్నీ విని, ఒకే ఒక్క మాటన్నాడట: "ఆ రోజుల్లో అంతేనమ్మా." అది కూడా మోసగాడి సాకుగానే తోచింది అందరికీ. మా తాతయ్య ఇంట్లో అరుగు మీద కూర్చునే ఉన్నాడు. విషయం విని, "పోనీలే, ఊరుకో" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ తరవాత మా ఇంటివాళ్ళు ఆయన చేత పని చేయించలేదు. చూసి మరి కొందరు కూడా మానేశారట. కంసాలి తన తల్లి బంగారమైనా తియ్యకుండా ఉండడని మనవాళ్ళకి ఒక అనుమానం ఎప్పుడూ ఉండేదే. దానికి సాక్ష్యం దొరికినట్టయింది.

నానమ్మ మాత్రం ఆ ఉంగరం తీసెయ్యలేదు. పోయేదాకా వేలికే ఉంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

అమ్మ మార్చమన్నప్పుడు నేను వెంటనే సరే అనలేకపోయాను. దానికో కారణం ఉంది. 2019లో ఒక క్లయింటు పని మీద ఆరు వారాలు లండన్‌లో ఉన్నాను. ఒక ఆదివారం వాన పడుతుంటే, టిక్కెట్టు అక్కర్లేదు కదా అని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోకి దూరాను. అక్కడ 2008లో తెరిచిన నగల గ్యాలరీ ఒకటుంది. రాజుల నగలు, రాణుల కిరీటాలు చూస్తూ వెళ్తుంటే, ఒక చోట వెండీ రామ్‌షా అనే ఆవిడ చేసిన ఉంగరాలు కనబడ్డాయి. నేను మొదట అవి ఉంగరాలనే అనుకోలేదు. సన్నటి ఉంగరాలు కొన్ని, ఒకదాని మీద ఒకటి, చిన్న స్తంభం లాంటి స్టాండుకి తొడిగి ఉన్నాయి. బొమ్మల కొలువులో పెట్టుకునే గాలిగోపురంలా ఉంది. అన్నీ కలిపి ఒక సెట్టు. వేలికి అన్నీ పెట్టుకోవచ్చు, రెండే పెట్టుకోవచ్చు, ఏది పైన ఏది కింద అన్నది పెట్టుకునే వాళ్ళ ఇష్టం. వేలికి లేనప్పుడు స్టాండు మీద శిల్పంలా నిలబడతాయి.

ఆవిడ 1939లో పుట్టింది. చదివింది బొమ్మలు వేయడం, బట్టల మీద డిజైన్లు. నగల పని తనంతట తాను నేర్చుకుంది. 1960లలో భర్త డేవిడ్ వాట్కిన్స్‌తో కలిసి కాగితంతో నగలు చేసి అమ్మింది. అవును, కాగితంతోనే. తరవాత వెండి, బంగారం పట్టుకుని, లేత్ మిషను మీద తిప్పి ఉంగరాలు చేసింది. 2018లో కన్నుమూసింది. ఇలాంటి వాళ్ళని స్టూడియో జ్యువెలర్ అంటారు. ఏ కంపెనీ కోసమూ కాకుండా, తన సొంత పనిగదిలో తానే ఊహించి, తానే చేసి, తన పేరు పెట్టుకునే మనిషి.

నాకు ఆ అద్దం ముందు నిలబడి గుర్తున్నది ఉంగరాల కంటే పక్కనున్న చీటీ. చేసినవారి పేరు, చేసిన చోటు, సంవత్సరం, ఏ లోహం, ఏ రాయి. డేటాబేసులతో బతికే వాణ్ణి కదా, నాకది ఒక రికార్డులా కనిపించింది. అన్ని గళ్ళూ నిండిన రికార్డు. తూకం మాత్రం అందులో లేదు! మన ఇళ్ళలో నగ గురించి మొదట అడిగే ప్రశ్న "ఎన్ని కాసులు?" అనే కదా. ఎవరు చేశారు అని మనం అడిగేది, మోసం జరిగిందని తెలిసినప్పుడే.

ఇంగ్లండులో ఈ పేరు పెట్టడం ఇవాళ్టిది కాదు. స్వర్ణకారుడు ప్రతి వాడూ తన సొంత ముద్ర వేయాలని 1363లోనే రాజు చట్టం చేశాడు. అది కళాకారుడి మీద ప్రేమతో చేసింది కాదు సుమా. మోసం జరిగితే ఎవణ్ణి పట్టుకోవాలో తెలియాలి కదా, అందుకు. అయితే దాని పుణ్యాన పాత సామాను చాలావాటికి చేసినవారు ఫలానా అని చెప్పగలుగుతున్నారు.

మనవైపు ఉంగరం మీద పేరు లేకపోలేదు. హనుమంతుడు సీతమ్మకి చూపించిన ఉంగరం మీద పేరుంది, రాముడిది. శకుంతల ఉంగరం మీద పేరుంది, దుష్యంతుడిది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో విలుకాళ్ళు బొటనవేలికి పెట్టుకునే ఉంగరం ఒకటుంది, దాని మీద షాజహాన్ బిరుదు చెక్కి ఉంది. అన్నీ పెట్టుకున్నవాళ్ళ పేర్లే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దం నాటి బంగారు చెవికమ్మల జత ఉంది. బహుశా ఆంధ్రదేశానివని ఆ మ్యూజియం వాళ్ళు రాశారు. రెక్కల సింహం, ఏనుగు, వాటి ఒంటినిండా ఇసక రేణువుల్లాంటి బంగారు గుళ్ళు. ఎంత పెద్దవంటే చెవితమ్మెలు సాగి భుజాల మీదికి దిగుతాయి. జగ్గయ్యపేట శిల్పంలోని చక్రవర్తి చెవులకి అలాంటివే కనిపిస్తాయి. చేసినవాడి పేరు మాత్రం ఆ జతతో రాలేదు.

సరే, అసలు విషయానికి వస్తాను. అమ్మ పట్టు విడవలేదు. ఒక శనివారం ముగ్గురం బయల్దేరాం, అమ్మ, నేను, మా పాప. బూన్‌లేలో ఎక్కి, ఔట్రమ్ పార్కులో మారి, లిటిల్ ఇండియాలో దిగాం. సెరంగూన్ రోడ్డులో తెలిసినవాళ్ళు చెప్పిన ఒక చిన్న కొట్టుకి వెళ్ళాం. కౌంటరు వెనక ఒక పెద్దాయన, తమిళాయన. ఉంగరాన్ని తూకం వేసి, ఒక పెట్టెలాంటి మిషనులో పెట్టి మూత వేశాడు. ఎక్స్‌రేలతో పరీక్ష అది. గీయక్కర్లేదు, కరిగించక్కర్లేదు. లోహం మీద కిరణాలు పడితే ఒక్కో లోహం ఒక్కో తీరున తిరిగి వెలుగుతుంది, దాన్నిబట్టి ఎంత శాతమో లెక్క కడుతుంది. అర నిమిషంలో తెర మీద అంకె పడింది. 58 మీద కొంచెం.

"చూశావా," అంది అమ్మ నాతో.

ఆ పెద్దాయన అంకె చూసి ఆశ్చర్యపోలేదు. ఉంగరం తిప్పి చూస్తూ, "ఇది ఎప్పటిది సార్? అరవైల్లోదా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. వాళ్ళ నాన్న కూడా తంజావూరు దగ్గర ఈ పనే చేసేవాడట. "14 క్యారెట్లు. అప్పట్లో అంతే సార్. ప్రభుత్వం చేయనివ్వలేదు," అన్నాడు.

అప్పట్లో అంతే. అమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు కానీ ఆ ముక్క అర్థమైంది. నా మొహంలోకి చూసింది. ఉంగరం మార్చకుండానే, పక్కన కాఫీ తాగి, ఇంటికి వచ్చేశాం.

ఆ రాత్రి కూర్చుని చదివాను. మీలో పెద్దవాళ్ళకి గుర్తుండి ఉంటుంది, నాలాంటి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. 1962లో చైనాతో యుద్ధం అయింది. దేశం దగ్గర విదేశీ మారకద్రవ్యం తక్కువ, దొంగదారిన వచ్చే బంగారం ఎక్కువ. జనానికి బంగారం మీద మోజు తగ్గించాలని 1963 జనవరిలో, మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా, కేంద్ర ప్రభుత్వం బంగారం నియంత్రణ నిబంధనలు పెట్టింది. 14 క్యారెట్లకి మించిన నాణ్యతతో నగలు తయారు చేయకూడదు. ఇరవైనాలుగులో పద్నాలుగు వంతులంటే నూటికి 58 చిల్లర. మా మిషను చూపించిన అంకె అదే.

మంగళసూత్రానికి మేలిమి బంగారం తప్ప మరొకటి ఒప్పుకోని జనం 14 క్యారెట్ల నగ ఎందుకు చేయించుకుంటారు? కంసాళ్ళ దగ్గరికి రావడమే మానేశారు. తరతరాలుగా ఆ ఒక్క పనే తెలిసిన కుటుంబాలు దేశమంతటా వీధిన పడ్డాయి. ఆత్మహత్యలు జరిగాయి, పార్లమెంటులో వాటి మీద గొడవ జరిగింది. 1966లో ఆ 14 క్యారెట్ల నిబంధన ఎత్తేశారు. కానీ 1968లో బంగారం నియంత్రణ చట్టమే వచ్చింది, లైసెన్సులూ లెక్కలూ అని. అది 1990 దాకా ఉంది.

అంటే మూడేళ్ళ చిల్లర కాలం, చట్టాన్ని పాటించిన కంసాలి చేసిన నగ ఏదైనా, తరవాత గీటురాయి మీద గీస్తే మోసంలా కనబడుతుంది. ఆయన దగ్గర ముద్ర లేదు, అందులో 14 అని కొట్టి ఇవ్వడానికి. చాటుగా 22 క్యారెట్లు చేసి ఇచ్చినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు మంచివాళ్ళుగా మిగిలారు.

అయినా నేను వెంటనే తీర్పు చెప్పదలుచుకోలేదు. మిషను శాతం చెబుతుంది, సంవత్సరం చెప్పదు. ఉంగరం 1970లో చేసి ఉంటే ఈ కథంతా కూలిపోతుంది. బాబాయికి ఫోన్ చేశాను. తాతయ్య చిట్టా పుస్తకాలు ఆయన దగ్గర ఉన్నాయి. ఎరువులు, కూలీలు, ఎడ్లకి తవుడు, అన్నీ రాసేవాడు తాతయ్య. బాబాయి మొదట విసుక్కున్నాడు. "ఒరేయ్, అర కాసు ఉంగరానికి ఇంత పరిశోధనా?" అన్నాడు. ఆ ఉంగరం వల్లే కదా బాబాయి నీ ఫీజు గొడవ అన్నాను. నాలుగు రోజుల తరవాత వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు.

1965 జనవరి, సంక్రాంతి ముందు. ధాన్యం అమ్మిన డబ్బు ఒకవైపు. ఖర్చుల వైపు, బెల్లానికీ కొత్త బట్టలకీ మధ్యలో, ఒక వరుస: "ఉంగరం. 14. మజూరీ 6 రూ. కంసాలికి."

ఆ 14 తేదీ అనుకున్నాడు బాబాయి. తేదీలకి వేరే గడి ఉంది. మిగిలిన వరుసల్లో వస్తువు పక్కన అంకె రాసిన చోటల్లా అది ఎంతో, ఏ రకమో చెప్పే అంకే. నాకు సందేహం లేదు. తాతయ్యకి తెలుసు.

ఆ ఫొటో అమ్మకి చూపించాను. చత్వారం అద్దాలు పెట్టుకుని చదివింది. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "మరి ఆ రోజు అరుగు మీద కూర్చుని నోరు విప్పలేదేం?" అంది. ఎవరిని అడిగిందో నాకు తెలియదు. నానమ్మకి మేలిమి బంగారమని చెప్పి ఇచ్చి ఉంటాడు. లేకపోతే ఏమీ చెప్పకుండా ఇచ్చి ఉంటాడు, కొత్తగా కాపురం నిలదొక్కుకుంటున్న మనిషి, మొదటిసారి చేతిలో నాలుగు డబ్బులు ఆడి. ఇరవైమూడేళ్ళ తరవాత వీధిలో భార్య అరుస్తుంటే ఒప్పుకోవడం కష్టమే. కష్టమే కానీ, అవతల మనిషి బతుకుతెరువు పోయింది. తాతయ్యంటే నాకు ప్రాణం. అయినా ఈ విషయంలో ఆయన్ని వెనకేసుకు రాలేకపోతున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. 14 క్యారెట్ల బంగారం 22 క్యారెట్ల దాని కంటే గట్టిది. అందుకే నానమ్మ యాభై ఏళ్ళకి పైగా అంట్లు తోమినా, పిడకలు కొట్టినా, ఆ సన్నటి తీగలు అరగలేదు, వంపు చెడలేదు. గట్టి లోహాన్ని కమ్మెచ్చులోంచి లాగి అంత సన్నటి తీగ తీయడం, ఆ ఆవగింజ పూసలు కరిగిపోకుండా వెలిగారం వేసి అతకడం, ఊదుగొట్టం మంట మీద, తేలిక పని కాదని సెరంగూన్ రోడ్డు పెద్దాయన చెప్పాడు. ఆరు రూపాయల మజూరీ. ఇవాళ ఇండియాలో 14 క్యారెట్ల నగ మీద 14కె585 అని హాల్‌మార్కు కొట్టి మరీ దర్జాగా అమ్ముతున్నారు.

హాల్‌మార్కు మాట వచ్చింది కనుక నా వృత్తికి సంబంధించిన ఒక చిన్న ఫిర్యాదు. 2021 నుంచి ఇండియాలో బంగారు నగ మీద మూడు గుర్తులు ఉంటున్నాయి: బీఐఎస్ గుర్తు, నాణ్యత, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కొట్టు, ఏ పరీక్షా కేంద్రం, ఏ రోజు, ఎంత నాణ్యత, అన్నీ వస్తాయి. మంచి పని. కొనేవాళ్ళకి ఎంతో రక్షణ. నేను కూడా మా ఆవిడ గాజుల నంబరు కొట్టి చూశాను. చేసిన మనిషికి మాత్రం అందులో గడి లేదు. ఆ టేబుల్ డిజైను చేసినవాళ్ళు ఎవరో గానీ, ఒక్క కాలమ్ చేర్చడానికి ఎంతసేపు పడుతుంది?

అలా అంటూనే మా ఇంట్లో రికార్డు నేను పూర్తి చేయలేకపోయాను. మ్యూజియం చీటీలా ఒక చీటీ రాసి ఉంగరం డబ్బాలో పెడదామని కూర్చున్నాను. వంకీ ఉంగరం. 1965 జనవరి. తెనాలి దగ్గర. బంగారం 14 క్యారెట్లు, కెంపు. చేసినవారు. అక్కడ ఆగిపోయాను. చిట్టాలో కంసాలికి అనే ఉంది. అమ్మని అడిగితే "కంసాలి గారు అనేవాళ్ళం" అంది. బాబాయిని అడిగితే "రావిచెట్టు దగ్గర కంసాలి" అన్నాడు. మొత్తం ఊళ్ళో మాకు తెలిసిన ముసలివాళ్ళు ఇద్దరు మిగిలారు, వాళ్ళకీ పేరు గుర్తు లేదు. ఆ ఇల్లు పడగొట్టి చాలా ఏళ్ళయింది. ఒక కొడుకు ఉండేవాడట, తొంభైల్లో ఎక్కడికో వెళ్ళిపోయాడట. నానమ్మ అందరి ముందూ ఆయన్ని అన్న మాటలు మాత్రం అమ్మకి ఒక్కటి కూడా మర్చిపోకుండా గుర్తున్నాయి.

మా పాప ఆ చీటీ చూసి, "నాన్నా, ఇక్కడ రాయడం మర్చిపోయావు," అంది. పెన్సిల్ కూడా తెచ్చి ఇచ్చింది.

ఉంగరం ప్రస్తుతానికి మార్చలేదు. గొలుసు విడిగా కొన్నాం. అమ్మ మొన్న ఆదివారం తిరిగి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు, ఈ సంగతి రేడియోలో చెప్పమని చెప్పింది ఆవిడే.

కాబట్టి శ్రోతలారా, మీలో తెనాలి, వేమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళుంటే, ఒక్కసారి ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. 1960లలో రావిచెట్టు పక్కన కుంపటి పెట్టుకుని బంగారప్పని చేసిన ఒకాయన, వంకీ ఉంగరాలకి పెనవేసిన తీగ, పూసలు వేసే అలవాటున్న మనిషి, ఆయన పిల్లలో మనవలో మీకు తెలిసి ఉంటే, ఈ కార్యక్రమం నిర్వాహకులకి కబురు చేయండి. అమ్మ వాళ్ళతో ఒక మాట చెప్పాలంటోంది. సెలవు.